బటన్ల ఫోను పట్టిన కోడలు

సుహాసిని పెద్ద ఫోను మానేసి బటన్ల ఫోను పట్టిందంటే ఆ వీధిలో ముందు ఎవరూ నమ్మలేదు. విజయనగరంలో డిగ్రీ చదివిన పిల్ల. పొయ్యి మీద కూర ఉడుకుతున్నా, దండెం మీద బట్టలు ఆరేస్తున్నా చేతిలో ఫోను లేకుండా కనబడేది కాదు. అలాంటిది ఉన్నట్టుండి అరచేతిలో ఇమిడిపోయే నల్ల ఫోనొకటి చెవికి ఆనించుకుని, "వినబడతందా" అని గట్టిగా అరుస్తూ వీధి గుమ్మంలో నిలబడితే కుళాయి దగ్గర ఆడవాళ్లు వింతగా చెప్పుకున్నారు. కళ్లు మంటలు పుడుతున్నాయని, కొన్నాళ్లు పెద్ద ఫోను జోలికి పోకుండా ఉండి చూస్తానని ఆమె అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పింది. ఆ మాట విని మెచ్చుకోనివాళ్లు లేరు. ఎదురింటి తాతమ్మ తన మనవరాళ్లని బయటికి పిలిచి మరీ చూపించింది.

"సూడండే, మనసు కుదురంటే అదీ. ఆయమ్మని సూసి నేర్సుకోండి" అంది.

సుహాసిని నవ్వలేక నవ్వి లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. ఇంకెవరైనా వచ్చి మెచ్చుకుంటారేమోనని ఆ రోజంతా గుమ్మం ముఖం చూడలేదు.

కళ్ల మంట అబద్ధం. అసలు సంగతి ఆమెకీ, ఆమె భర్త మురళీమోహన్‌కీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

శ్రీకూర్మానికి ఇవతల, రోడ్డు దిగగానే ఉండే ఊరు వాళ్లది. కాస్త మడి, మిట్ట మీద కొంచెం మెట్ట. మడిలో వరి వేస్తారు. మెట్టలో వంగ, బెండ, ఆనప పెడతారు. మురళీమోహన్ శ్రీకాకుళంలో పంపుసెట్ల మోటార్లు బాగుచేసే షాపులో పని చేస్తాడు. పొలం పని ఆయన తండ్రి లక్ష్ముడిది. కూరలు కోసి శ్రీకాకుళం తీసుకెళ్లి అమ్మడం, గొడ్డుని చూసుకోవడం తల్లి దేముడమ్మది.

దేముడమ్మకి మాట లేకపోతే చెయ్యి ఆడదు. ఆటో ఎక్కితే దిగేదాకా పక్కవాళ్ల ఊసులన్నీ కనుక్కునేది. వంకాయలు తూస్తూ కొనేవాళ్ల పిల్లల పెళ్లిళ్ల గురించి అడిగేది. లక్ష్ముడు సరిగ్గా దానికి ఎదురు. భార్య గంటసేపు చెబితే ఆయన మధ్యలో ఒక్కసారి "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కూడా చాలాసార్లు ఆమె మాటకి కాదు, తనలో తను అనుకుంటున్న దేనికో. అందుకని దేముడమ్మ మనసులోని సంగతులన్నీ కొట్టంలోని గేదెతో చెప్పుకునేది. దాని పేరు మాలచ్చి. పాలు పితుకుతూ, గడ్డి వేస్తూ, ఒళ్లు కడుగుతూ దానితో మాట్లాడుతూనే ఉండేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు సుహాసిని, అత్త ఎవరో చుట్టంతో మాట్లాడుతోందనుకుని మంచినీళ్ల చెంబు పట్టుకెళ్లి, అక్కడ గేదె తప్ప ఎవరూ లేకపోవడం చూసి పడీపడీ నవ్వింది.

ఆ మాలచ్చి ఈ ఏడు ఈనిన కొన్నాళ్లకే జ్వరం తగిలి లేవలేకపోయింది. పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన నరేష్ రోజూ వచ్చి సూదులు వేశాడు. నౌపడ నుంచి వచ్చిన కుర్రాడు, మొదటి ఉద్యోగం. అతను చెయ్యాల్సిందంతా చేశాడు. అయినా ఓ ఉదయం మాలచ్చి మెడ వాల్చేసింది. పెయ్యదూడ ఒకటి మిగిలింది. దేముడమ్మ మాలచ్చి తల ఒళ్లో పెట్టుకుని, ఇంటి మనిషి పోయినట్టు రాగం తీసి ఏడ్చింది.

"ఓలమ్మ మాలచ్చీ, నన్నొగ్గేసి ఎల్లిపోనావా తల్లీ. నా కట్టం సుకం నీకు కాక ఎవులికి సెప్పుకున్నానే. నువ్విన్నట్టు నా పెనిమిటి కూడా ఇనలేదు కదే. ఆయన ఊఁ అంటే సెవి ఇటుంటాది, మనసు అటుంటాది. నువ్వు సెవులు రెండూ నా ఏపే ఎట్టీదానివి కదే."

సుహాసిని అప్పుడు అత్త కోసం గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. రెండో చేతిలో ఫోను ఉంది. అత్త ఏడుపంతా వీడియో తీసింది. చెయ్యి అలవాటుగా లేచింది, అంతే. ఆ సమయంలో ఆమెకీ ఏడుపు వస్తూనే ఉంది. కొట్టం గుమ్మం దగ్గర నరేష్ కూడా ఫోను పట్టుకునే నిలబడ్డాడు. చచ్చిపోయిన గొడ్డు చెవికున్న బిళ్ల ఫోటో తీసి పై ఆఫీసుకి పంపాలి, అది అతని పని.

సుహాసినికి ఒక వంటల పేజీ ఉంది. అందులో ఆమె ముఖం ఎక్కడా కనబడదు, పేరు కూడా వేరే పెట్టుకుంది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చూసేవాళ్లు పెద్దగా లేరు. ఆనపకాయ పులుసు పెట్టినా అంతే, ఎండు చేపల కూర పెట్టినా అంతే. ఆ మధ్యాహ్నం ఆమె అత్త ఏడుపు వీడియో ముందు పెట్టుకుని, మొదట దాని మీద కన్నీళ్ల బొమ్మ అతికించింది. కాసేపు చూసింది. ఏడుపు ఎవరు చూస్తారనిపించింది. కన్నీళ్ల బొమ్మ తీసేసి పగలబడి నవ్వే బొమ్మలు వరసగా అంటించి, పైన 'అత్తగారి కామెడీ' అని రాసి పెట్టేసింది. తర్వాత రోజుల్లో ఆమెని నిద్రలోనూ వదలనిది ఆ ఒక్క క్షణమే. తెలియక చేసిన పని కాదు. ఒక బొమ్మ తీసి, ఆలోచించుకుని, ఇంకో బొమ్మ పెట్టింది.

సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరు దాటింది, జిల్లా దాటింది. ఫోను కిణికిణిమంటూనే ఉంది. సుహాసిని పొంగిపోయింది. మురళీమోహన్ కూడా మా అమ్మ ఫేమస్ అయిపోయిందని నవ్వాడు. మర్నాటికి ఎవరో ఆ ఏడుపుకి డప్పు దరువు కలిపి పాట చేశారు. ఎవడో మీసాలవాడు చీర కట్టుకుని దిండుని ఒళ్లో పెట్టుకుని, 'నువ్విన్నట్టు నా పెనిమిటి కూడా ఇనలేదు కదే' అని గుండెలు బాదుకున్నాడు. కింద రాసినవాళ్లు ఇదేం తెలుగురా బాబూ అన్నారు, దీనికి తెలుగులో అర్థాలు వెయ్యండి అన్నారు, ఆ మొగుడెవడో పాపం అన్నారు. షాపులో మోటారు రిపేరుకి వచ్చిన రైతొకడు అదే పాట మోగిస్తూ కూర్చుంటే మురళీమోహన్ ముఖం మాడిపోయింది. ఇంటికి వచ్చి తీసెయ్యమన్నాడు. సుహాసిని వీడియో తీసేసింది, పేజీ మొత్తం మూసేసింది. అయినా అది ఆగలేదు. అప్పటికే అది ఆమె చేతిలోది కాదు.

"ఇంక ఊరుకో. నాల్రోజులు పోతే ఆల్లే మర్సిపోతారు. అమ్మకి మాత్రం సెప్పకు" అన్నాడు మురళీమోహన్.

వాళ్లు మరిచిపోలేదు. రోజూ ఉదయం పాలకేంద్రం పక్కన జగన్నాధం టీకొట్టులో టీ తాగడం లక్ష్ముడికి అలవాటు. ఆ రోజు జగన్నాధం ఫోనులో పాట పెట్టి, మావా ఈ గొంతు ఎక్కడో విన్నట్టు లేదా అని అడిగాడు. లక్ష్ముడు చివరిదాకా విన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత టీకి వెళ్లడం మానేశాడు. దేముడమ్మ ఏమైనా చెబుతుంటే వెనకటి ఊఁ కూడా లేదు. లేచి పొలానికి వెళ్లిపోయేవాడు. ఏమైందని ఆమె అడిగితే ఏటీ లేదన్నాడు.

ఏమైందో దేముడమ్మకి రైతుబజారులో తెలిసింది. కాలేజీ పిల్ల ఒకతె బెండకాయలు ఏరుతూ ఏరుతూ ఆమె మాట విని ఆగిపోయి, మీరు గేదె ఆంటీ కదూ అని అడిగి, పక్కన నిలబడి ఫోటో తీసుకుంది. ఫోటో ఎందుకని అడిగితే ఫోను తిప్పి వినిపించింది. దేముడమ్మ తన ఏడుపు తనే విన్నది, డప్పులతో సహా. సగం కూరలు గంపలోనే ఉండగా తిరిగొచ్చేసింది.

గంప దింపి వాకిట్లోనే కూలబడింది. "ఎవులో నా ఏడుపు ఫోన్ల ఎట్టేసినారే అమ్మీ. ఊరూరా ఇని నవ్వుతన్నారు. మీ మావకి తెలిసిపోనాది గావాల, అందుకే నా ముకం సూడ్డం లేదు. ఆ మాట నాను మాలచ్చితోన అన్నాను గాని ఊరితోన అన్నానేటే?"

సుహాసిని గంప పక్కకి జరిపి, కింద చెదిరిన బెండకాయలు ఏరడం మొదలుపెట్టింది.

"నువ్వక్కడే ఉన్నావు కదా. ఎవులు తీసినారో సూసినావేటి?"

"చూళ్లేదత్తా" అంది సుహాసిని.

ఆ ఒక్క మాటతో పోయేది కాస్తా పెద్దదైంది. దేముడమ్మ ఆ ఉదయమంతా ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. కొట్టం గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డది నరేష్. ఇంకెవరు తీస్తారు? మర్నాడు ఉదయం ఊరంతా పాలు పొయ్యడానికి వచ్చే వేళ పాలకేంద్రం ముందు అతన్ని నిలదీసింది. గొడ్డుకి మందెయ్యమని పిలిస్తే ఆడదాని ఏడుపు అమ్ముకున్నావా అంది. మళ్లీ మా గడప తొక్కావంటే ఊరుకోనంది. నరేష్ ముఖం కందిపోయింది. తను తీసింది చెవి బిళ్ల ఫోటో ఒక్కటేనని ఫోను తెరిచి అందరికీ చూపించబోయాడు. ఎవరూ చూడలేదు. చదువుకున్నవాళ్లకి బుద్ధి లేదని ఎవరో అన్నారు. సుహాసిని పక్కింటివాళ్లు పోసి రమ్మన్న పాల క్యాను పట్టుకుని ఆ గుంపులోనే ఉంది. నోరు తెరవడానికి అంత కన్నా మంచి సమయం ఉండదు. ఆమె క్యాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

ఆ సాయంత్రమే ఆమె బటన్ల ఫోను తెచ్చిపెట్టమని భర్తని అడిగింది. పెద్ద ఫోనుని పాత చీరలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. చెప్పాల్సిన నోరు మూసుకుని ఉండగా, శిక్ష మాత్రం ఫోనుకి వేసింది.

మొదట్లో చెయ్యి ఊరికే వెతుక్కునేది. పొయ్యి ముందు కూర్చుంటే బొటనవేలు గాలిలోనే పైకీ కిందకీ కదిలేది. ఒక్కో అక్షరానికి బటను ఎన్నిసార్లు నొక్కాలో తెలియక మెసేజీలు రాయడం మానేసింది. విజయనగరంలో ఉన్న తల్లికి, రేపెప్పుడైనా మనవలు పుడితే వీడియోలో ఎలా చూస్తానే అని బెంగ. ఇదంతా ఒక తపస్సు లాంటిదని సుహాసిని తనకి తను చెప్పుకుంది. కానీ నిజం ఆమెకి తెలుసు. ఫోను పెట్టెలోకి వెళ్లాక ఆ మీసాలవాడు కనబడడం లేదు, కింద రాసే మాటలు కనబడడం లేదు. ప్రాణానికి హాయిగా ఉంది. ఆ హాయి గుర్తొచ్చినప్పుడల్లా తనంటే తనకే రోత పుట్టేది. ఎందుకంటే ఫోను లేని దేముడమ్మని ఏ పెట్టె తాళమూ కాపాడలేదు. ఆటోలో వినబడుతూనే ఉంది, బజారులో వినబడుతూనే ఉంది.

దేముడమ్మ మాట్లాడడం తగ్గించింది. ఆటోలో కొంగు తల మీదికి లాక్కుని బయటికి చూస్తూ కూర్చునేది. కూరలు కొనేవాళ్లకి ధర చెప్పి ఊరుకునేది. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఒకనాడు సుహాసిని తల వంచుకుని బియ్యం ఏరుతుంటే కళ్లు ఎర్రగా ఉండడం చూసి, మంట ఇంకా తగ్గలేదనుకుంది కాబోలు, నందివర్ధనం పూలు కోసుకొచ్చింది. చాప వేసి కోడల్ని పడుకోబెట్టింది. తడిపిన పూలు రెండు కళ్ల మీదా ఒత్తుగా పరిచింది.

"కదలకు. సల్లగుంటాది" అంది. నుదుటి మీద చెయ్యి వేసి మెల్లగా రాస్తూ, "మంచి పనే సేసినావు, దాన్నొగ్గీసినావు. ఆ ఫోన్లు మనుసుల్ని బతకనివ్వవు" అంది.

పూల కింద నుంచి సుహాసిని కన్నీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి. దేముడమ్మ వాటిని పూల తడి అనుకుని కొంగుతో తుడిచింది. అప్పుడు చెప్పెయ్యాలనిపించింది. చెప్పలేకపోయింది. ఆ చెయ్యి నుదుటి మీద నుంచి లేచిపోతుందని భయం వేసింది.

తల్లి పోయిన పెయ్యదూడకి పక్కింటి పాలు సీసాతో పడుతున్నారు. దానికి విరేచనాలు పట్టుకున్నాయి. లక్ష్ముడు జామాకు కషాయం కాచి పోశాడు, తగ్గలేదు. రెండో నాటికి పెయ్య లేవలేక గోనె మీద పడిపోయింది. కళ్లు లోపలికి పోయాయి. నరేష్‌ని పిలుద్దామని లక్ష్ముడు అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన భార్యతో అన్న మొదటి మాట అది. దేముడమ్మ వద్దంది. వేరే ఊరి డాక్టరు ఎవరైనా దొరుకుతారేమో చూసి రమ్మంది. లక్ష్ముడు సైకిలు తీసుకుని వెళ్లాడు.

సుహాసిని ఇంట్లోకి వెళ్లింది. నరేష్ నంబరు పెద్ద ఫోనులోనే ఉంది. పెట్టె తీసి, చీర మడతలు విప్పి, చచ్చిపోయిన ఫోనుని ఛార్జింగు పెట్టింది. తెర వెలిగాక ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. స్నేహితురాలొకతె, ఇది చూశావా నవ్వలేక చచ్చాను అని అదే పాట పంపింది. ఏదో పెళ్లిలో పెళ్లికూతురూ తోడిపెళ్లికూతుళ్లూ ఆ ఏడుపుకి చేతులు తిప్పుతూ ఆడుతున్నారు. సుహాసిని కళ్లు మూసుకుని, తెరిచి, నంబరు వెతికి బటన్ల ఫోనులోంచి చేసింది.

నరేష్ మర్యాదగానే మాట్లాడాడు. ఉప్పు, పంచదార కలిపిన కాచిన నీళ్లు కొద్దికొద్దిగా పట్టమన్నాడు. రావడానికి మాత్రం వెనకాడాడు.

"వస్తానక్కా. కానీ మీ అత్తగారు పదిమందిలో గడప తొక్కొద్దన్నారు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, బండి తీస్తాను. రేపు పెయ్యకి ఏదైనా అయితే అదీ నా మీదకే వస్తాది కదా" అన్నాడు.

అతనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సుహాసిని నీళ్లు కాచి కలుపుకుని, రెండు ఫోన్లూ తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. దేముడమ్మ పెయ్య తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక్క మాట లేదు. చేత్తో దాని చెవులు నిమురుతోంది.

"అత్తా, నరేష్ తియ్యలేదు. నేను తీసేను. నేనే పెట్టేను" అంది సుహాసిని.

దేముడమ్మకి ముందు అర్థం కాలేదు. ఏం పెట్టావని అడిగింది. సుహాసిని మొదటి నుంచి చెప్పింది. నీళ్ల గ్లాసు దగ్గర మొదలుపెట్టి, పాలకేంద్రం దగ్గర నోరు మూసుకుని నిలబడ్డదాకా చెప్పింది. కళ్లు మండడం లేదని కూడా చెప్పింది. దేముడమ్మ పెయ్యని నిమరడం ఆపలేదు. అంతా అయ్యాక చెయ్యి చాచి, "సూపించు" అంది.

పేజీలోంచి తీసేసినా ఆ వీడియో ఫోనులో ఉండిపోయింది, నవ్వు బొమ్మలతో సహా. దేముడమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. మాలచ్చి ముఖం దగ్గర వేలు పెట్టింది. వీడియో ఆగిపోయింది. మళ్లీ వేలు తీసి చివరిదాకా చూసి, ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"నానేడుస్తంటే నీకు నవ్వొచ్చిందేటే?" అని అడిగింది.

"లేదత్తా. నాకూ ఏడుపే వచ్చింది. నవ్వు బొమ్మలెడితే ఎక్కువ మంది చూస్తారని..."

దేముడమ్మ పెయ్య ముఖం మీద వాలిన ఈగల్ని కొంగుతో తోలింది.

"నవ్వొచ్చి నవ్వినావంటే కుర్రదానివి, పోనీలే అనుకుందును. ఏడుపొచ్చి కూడా నవ్వు బొమ్మలెట్టినావు" అంది చివరికి. గొంతు పెంచలేదు. "అదలాగుంచు. ఆ గుంటడ్ని నానెన్ని మాటలన్నాను. ఏ తల్లి కన్న బిడ్డో. నా నోటితోన ఆడి పరువు తీయించినావు కదే అమ్మీ."

సుహాసిని వంగి కాళ్లు పట్టుకోబోతే దేముడమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. ఏడుపులు తర్వాత, ముందు ఆడికి ఫోను చెయ్యమంది. తనే మాట్లాడింది. బాబూ నేను దేముడమ్మని, తప్పు నాదే, వీడియో తీసింది నువ్వు కాదు, పెయ్యని కాపాడు, మిగతాది రేపు పదిమందిలో చెబుతానంది. నరేష్ వచ్చాడు. పెయ్యకి సెలైను ఎక్కించాడు, సూది వేశాడు. ఎవరి ముఖమూ చూడకుండా పని చేసుకున్నాడు. సీసా పట్టుకుని నిలబడ్డ సుహాసిని చెయ్యి లాగుతున్నా మార్చుకోలేదు. పొద్దు వాలేసరికి పెయ్య తల ఎత్తింది. అప్పటికి ఉత్త చేతులతో తిరిగొచ్చిన లక్ష్ముడికి దేముడమ్మ జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన కోడలి వైపు ఒకసారి చూసి, సైకిలు గోడకి చేర్చి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం పాలకేంద్రానికి ముగ్గురూ వెళ్లారు. మురళీమోహన్ షాపులో తొందర పని ఉందని తెల్లవారగానే వెళ్లిపోయాడు. అతని పేరు సుహాసిని ఎత్తలేదు. వీడియో తీసింది తనే, పెట్టింది తనే, అత్త నరేష్‌ని తిడుతుంటే తెలిసీ నోరు మూసుకున్నదీ తనే అని గుంపు మధ్య నిలబడి చెప్పింది. తాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగన్నాధం టీ వడపోస్తూ ఆగిపోయాడు. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. దేముడమ్మ నరేష్ రెండు చేతులూ పట్టుకుని, పెద్దదాన్ని, తొందరపడ్డాను, మనసులో పెట్టుకోకు బాబూ అంది.

నరేష్ సరేనన్నాడు గాని ముఖంలో నవ్వు లేదు. సుహాసినితో మాత్రం ఒక మాట అన్నాడు. "మా అమ్మకి కూడా ఎవరో ఫోన్ చేసి సెప్పేరక్కా. రెండ్రోజులు అన్నం తినలేదావిడ."

సుహాసిని అక్కడే అతన్ని నంబరు అడిగి, నౌపడలో ఉన్న ఆ తల్లికి బటన్ల ఫోనులోంచి చేసింది. అవతలి మనిషి చాలాసేపు విని, సర్లేమ్మా అని పెట్టేసింది. ఆ సర్లే బరువు సుహాసిని చాలాకాలం మోసింది.

తిరిగి వచ్చేటప్పుడు లక్ష్ముడు ముందు నడుస్తున్నాడు. దేముడమ్మ వెనక నుంచి, ఆ మాట నేను నిన్ను తగ్గించాలని అన్లేదు, దుఃఖంలో వచ్చేసిందని చెబుతోంది. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు.

"నువ్వన్నది అబద్దం కాదు కదా" అన్నాడు. "అందరికీ తెలిసిపోడమే కట్టంగున్నాది." మళ్లీ నడక సాగించాడు. ఆ వారంలోనే మళ్లీ టీకొట్టుకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఊసులాడడం మాత్రం ఆయనకి రాలేదు. అప్పుడప్పుడు, ఏటన్నావు, అని అడిగి మళ్లీ చెప్పించుకునేవాడు.

సుహాసిని బటన్ల ఫోనుతోనే ఉండిపోదామనుకుంది. దేముడమ్మ ఒప్పుకోలేదు. అప్పటికి ఆమె కోడలితో పని మాటలు తప్ప మాట్లాడడం లేదు. ఓ ఉదయం మాత్రం పిలిచి మరీ చెప్పింది.

"పెట్టిల ఎట్టీసినంత మాత్రాన ఆల్ల ఫోన్లలోంచి నా ఏడుపు పోతాదేటి? తీసి, ఎవులెవులు ఎట్టుకున్నారో ఆల్లందరికీ సెప్పు, తీసీమని. నువ్వొగ్గిందే కదా, నువ్వే తోలుకురా."

సుహాసిని పెద్ద ఫోను బయటికి తీసింది. తను చూడకూడదనుకున్నదాన్నే రోజూ వెతికి వెతికి చూడాల్సి వచ్చింది. పెట్టినవాళ్లందరికీ ఒక్కొక్కరికే రాసింది. ఆ ఏడ్చింది మా అత్తగారు, ఆవిడ ఒప్పుకోకుండా నేను పెట్టాను, దయచేసి తీసెయ్యండి అని. కొందరు మారు మాట్లాడకుండా తీసేశారు. డప్పు కలిపినతను క్షమించమని రాశాడు. మీసాలవాడు, ముందు పెట్టేటప్పుడు ఈ బుద్ధి ఏమైంది అని అడిగాడు. అతను తియ్యనేలేదు. కొన్నాళ్లకి జనం ఇంకో నవ్వులో పడ్డారు. ఎక్కడో ఓ మూల ఇది ఇంకా ఉంది. ఉంటుందని ఇప్పుడు సుహాసినికి తెలుసు.

వంగ తోట అయిపోయి, మెట్టలో వేరుశనగ తీసే రోజులు వచ్చాయి. దేముడమ్మ ఆటోలో మళ్లీ పక్కవాళ్లని పలకరిస్తోందని తాతమ్మ చెప్పింది. ఇంట్లో కూడా మాటలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఓ సాయంత్రం అత్తాకోడళ్లు వాకిట్లో చాప వేసుకుని కాయలు వొలుస్తున్నారు. దేముడమ్మ చిన్నప్పుడు కళింగపట్నంలో మేనత్త ఇంట్లో ఉన్నప్పటి సంగతి మొదలుపెట్టింది. ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా కాపలా పెడితే, తను నిద్రపోయిందట. లేచి చూసేసరికి సగం చేపలు లేవట. మేనత్త కర్ర పట్టుకుని ఇసకలో వెంటపడిందట. చెబుతూ చెబుతూ దేముడమ్మ గొంతు పెరిగింది, చేతులు తిరిగాయి. సుహాసిని చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ నవ్వుకి దేముడమ్మ ఆగిపోయింది. ఆమె చూపు కోడలి ముఖం మీద నుంచి దిగి, చేతుల మీద, ఒళ్లో, చాప చివరిదాకా ఒకసారి తిరిగింది. సుహాసిని రెండు చేతుల నిండా కాయలే ఉన్నాయి. ఫోను లోపల గదిలో ఉంది. అది చెప్పబోయి ఊరుకుంది. చెప్పుకునే హక్కు తనకి లేదనిపించింది.

దేముడమ్మ చాట ముందుకు లాక్కుంది.

"అప్పుడు మా మేనత్త ఏటన్నాదంటే..." అని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు కాస్త తగ్గించి.